కబడ్డీలో తొండి, ప్రాంతపక్షపాతం: అభిమానుల వాదన

కబడ్డీలో ఓడిన జట్టు అభిమానుల దగ్గర రెండు ఫిర్యాదులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. ఎదుటివాళ్ళు తొండి ఆడారన్నది ఒకటి, రిఫరీ వాళ్ళ పక్షమన్నది రెండోది. ఊరి పోటీల్లో ఈ మాటలు పక్క ఊరి మీద పడతాయి, జిల్లా పోటీల్లో పక్క జిల్లా మీద, ప్రో కబడ్డీ లీగ్‌కి వచ్చేసరికి మొత్తం ఉత్తరాది మీద. అనకాపల్లిని ఆనుకుని, మూతపడిన సహకార చక్కెర మిల్లు పేరుతో గుర్తుండే తుమ్మపాల లాంటి ఊరి నుంచి చూస్తే ఈ మెట్లన్నీ ఒకే వరసలో కనిపిస్తాయి. పండగలకీ జాతరలకీ చెడుగుడు పోటీలు పెట్టుకునే ప్రాంతం ఇది. లీగ్‌లో తెలుగువారి పేరు మోసే తెలుగు టైటాన్స్ మొదట్లో సొంతగడ్డగా చేసుకున్న విశాఖపట్నం ఇక్కడికి నలభై కిలోమీటర్ల లోపే. అభిమానులు ఈ రెండు ఫిర్యాదులనూ ఒకే మూటగా కట్టి మోస్తారు. విడదీసి చూస్తే రెండింటి మూలాలూ వేరు. తొండిని పుట్టించేది ఒక ప్రాంతం వాళ్ళ గుణం కాదు, ఆ పూట అమల్లో ఉన్న నిబంధన. ప్రాంతపక్షపాతం ఉన్నమాట నిజమే, కానీ అభిమాని దాన్ని వెతికే చోట, అంటే రిఫరీ విజిల్లో, అది దొరికేది తక్కువ. మ్యాట్ దాకా చేరే దారిలోనే అది ఎక్కువగా ఉంది.

కబడ్డీ నిబంధనల పుస్తకం చదివితే పాత తొండి అంతా అందులోనే భద్రంగా కనిపిస్తుంది. రైడరు కూత ఆగిపోయేలా నోరు మూయకూడదని ఒక నియమం ఉందంటే, ఒకప్పుడు నోరు మూసి పట్టినవాళ్ళున్నారనే అర్థం. జుట్టు పట్టుకోకూడదు, బట్టలు పట్టి లాగకూడదు, కాళ్ళతో కత్తెర వేసి పడగొట్టకూడదు. ప్రతి నిషేధం వెనకా ఎక్కడో ఒక గొడవ జరిగి ఉంటుంది. వీటికి ఇప్పుడు ఆకుపచ్చ కార్డుతో హెచ్చరిక, పసుపు కార్డుతో రెండు నిమిషాలు బయట కూర్చోవడం, ఎర్ర కార్డుతో ఆట నుంచి వెళ్ళిపోవడం అనే శిక్షలున్నాయి. ఇది కంటికి కనబడే తొండి, దీని మీద పెద్దగా వాదన ఉండదు. అసలు రచ్చంతా రెండో రకం మీద, నిబంధనను ఎక్కడా మీరకుండానే ఆటను చంపేసే పద్ధతి మీద. రైడరు బాక్ లైన్ దాటి, ఎవరినీ తాకే ప్రయత్నం చెయ్యకుండా ముప్పై సెకన్లూ గడిపి తిరిగి వస్తాడు. అవతలి జట్టూ అదే చేస్తుంది. ఆధిక్యంలో ఉన్నవాడికి గడియారమే ఎనిమిదో ఆటగాడు. చూసేవాడికి ఒళ్ళు మండుతుంది, రిఫరీ చెయ్యగలిగింది ఏమీ ఉండదు.

2014 జూలై 26న మొదలైన ప్రో కబడ్డీ లీగ్ ఈ జబ్బుకి మందు వెతికిన తీరు చూస్తే తొండికీ నిబంధనకూ ఉన్న సంబంధం తేటపడుతుంది. వరసగా రెండు రైడ్లు ఖాళీగా పోతే మూడోది డూ ఆర్ డై రైడ్. అందులో పాయింటు తేకపోతే రైడరు ఔట్, ఎదుటి జట్టుకి పాయింటు. మైదానంలో ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలిన జట్టు రైడరుని పట్టేస్తే సూపర్ టాకిల్ కింద అదనపు పాయింటు, కాబట్టి తగ్గిపోయిన జట్టు కూడా మూల కూర్చోకుండా తెగించాలి. ఈ మందు పనిచేసింది, దుష్ప్రభావమూ తెచ్చింది. చాలా జట్లు మొదటి రెండు రైడ్లనీ కావాలనే ఖాళీగా వదిలి, మూడోదాని కోసం కాచుకోవడం నేర్చాయి. పాయింట్ల పట్టికదీ ఇదే కథ. గెలిస్తే అయిదు, సమానమైతే చెరి మూడు, ఏడు లేక అంతకంటే తక్కువ తేడాతో ఓడితే ఒకటి అని చాలా సీజన్లు నడిచింది. ఫలితం ఊహించదగ్గదే. ఆరు పాయింట్లు వెనకబడ్డ జట్టు ఆఖరి రెండు నిమిషాల్లో గెలుపు కోసం తెగించి పది తేడాతో ఓడడం కంటే, ఖాళీ రైడ్లతో కాలం గడిపి ఆ ఒక్క పాయింటూ జేబులో వేసుకోవడం మేలనుకుంది. స్కోరు సమానంగా ఉన్న రెండు జట్లు చివరి నిమిషంలో ఒకరినొకరు ముట్టుకోకుండా మర్యాదగా విడిపోయేవి. హర్యానా ఆటగాళ్ళూ ఇలాగే చేశారు, మరాఠీలూ తమిళులూ ఇలాగే చేశారు, టైటాన్స్ కూడా ఇలాగే చేసింది. 2025లో, పన్నెండో సీజన్లో, గెలుపుకి రెండు పాయింట్లు, ఓటమికి సున్నా అని మార్చారు. లీగ్ దశలో కూడా సమానమైతే అయిదేసి రైడ్లతో, అప్పటికీ తేలకపోతే గోల్డెన్ రైడ్‌తో తేల్చాలన్నారు. దాంతో తక్కువ తేడాతో ఓడడానికి కాపలా కాసే అవసరమూ, సమానంతో సరిపెట్టుకునే అవకాశమూ పోయాయి. ఆటగాళ్ళ గుణం మారలేదు, వాళ్ళ ముందున్న లెక్క మారింది.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది చిన్నదేమీ కాదు. నిబంధన ఎంత మార్చినా ఆడేవాడి బుర్ర కొత్త సందు వెతుకుతూనే ఉంటుందని, డూ ఆర్ డై చరిత్రే అందుకు సాక్ష్యమని అంటారు. నిజమే. కానీ ప్రతి మార్పుకీ తొండి ఖరీదు పెరుగుతూ వచ్చింది. ఒకప్పుడు ఆధిక్యంలో ఉన్న జట్టు సగం ఆటను ఖాళీ రైడ్లతో నడిపించగలిగేది, ఇప్పుడు మూడో రైడుకల్లా ఎవరో ఒకరు ప్రమాదంలో పడక తప్పదు. ఇంకో అభ్యంతరం పాతకాలపు ఆటగాళ్ళది. కబడ్డీ అంటేనే మాయ, ఆ మాయని తీసేస్తే మిగిలేది కుస్తీ అంటారు. ఇందులోనూ సగం నిజం ఉంది. కాలి కొనతో బోనస్ గీత దాటి వెనక పాదాన్ని గాలిలో నిలపడం, ఒక మూలకి చూస్తూ రెండో మూలని తాకడం, పట్టు పడ్డట్టు నటించి డిఫెండర్ని ముందుకి లాగడం, ఇవన్నీ మోసాలే, ఇవే ఆట అందం కూడా. తేడా ఎక్కడుందంటే, ఈ మాయలన్నిటిలో ఎదుటివాడికి తిరుగుదెబ్బ కొట్టే అవకాశం ఉంటుంది, మాయ చేసినవాడు తానూ దొరికిపోవచ్చు. ఖాళీ రైడ్ల కాలయాపనలో ఎవరికీ ఏ ప్రమాదమూ లేదు. తెలివినీ తొండినీ వేరుచేసే గీత అక్కడ ఉందని నేననుకుంటాను.

కబడ్డీకి ఏ చుట్టరికమూ లేని ఐర్లండ్‌లోని గేలిక్ ఫుట్‌బాల్ ఈ విషయంలో మనకి అద్దంలా పనికొస్తుంది. అక్కడ ఆటగాళ్ళకి జీతాలుండవు, కౌంటీ అంటే మన జిల్లాలాంటిది, ఎక్కువమంది పుట్టిపెరిగిన కౌంటీకే ఆడతారు. అందుకే ప్రాంతాభిమానం రక్తంలో ఉంటుంది. 2003 సెమీఫైనల్లో ఉత్తరానున్న టైరోన్ జట్టు, దక్షిణాది దిగ్గజం కెర్రీని గుంపులుగా కమ్మి కట్టిపడేసి గెలిస్తే, కెర్రీ మాజీ ఆటగాడు పాట్ స్పిలేన్ టెలివిజన్లో దాన్ని వాంతి తెప్పించే ఫుట్‌బాల్ అని ఈసడించాడు. ఆ మాట ఉత్తరాది అభిమానుల్లో చాలా ఏళ్ళు మానని పుండైంది. తమ జట్టు చేస్తే మురికి ఆట, కెర్రీ చేస్తే తెలివా అన్నది వాళ్ళ ప్రశ్న. 2013 ఆగస్టులో మోనహన్‌తో జరిగిన క్వార్టర్ ఫైనల్లో టైరోన్ ఆటగాడు షాన్ కావనా, గోల్ వైపు దూసుకుపోతున్న కోనర్ మక్‌మానస్‌ని రగ్బీలో లాగా పట్టి పడేశాడు. దేశమంతా తిట్టింది. అతనికి పడింది పసుపు కార్డే, టైరోన్ గెలిచింది. అప్పటి నిబంధనల్లో ఆ తప్పు లాభసాటి వ్యాపారమన్నమాట. అలాంటి ఫౌళ్ళకి బ్లాక్ కార్డు 2014 నుంచి వచ్చింది. అయితే బయటికెళ్ళినవాడి బదులు ఇంకొకడు దిగేవాడు కాబట్టి జట్టుకి పెద్ద నష్టం ఉండేది కాదు. 2020లో దాన్ని పది నిమిషాలు ఒక మనిషి తక్కువతో ఆడే శిక్షగా మార్చాక దాని బరువు తెలిసింది. జిమ్ గావిన్ కమిటీ సూచనలతో 2025లో వచ్చిన కొత్త నియమాలైతే, ప్రతి జట్టూ మైదానంలో రెండు సగాల్లోనూ కనీసం ముగ్గురిని ఉంచాలని చెప్పి, అందరూ వెనక్కెళ్ళి గోడ కట్టే పద్ధతినే విరిచాయి. ఏ కౌంటీ వాళ్ళు దుర్మార్గులన్న వాదన ఇరవై ఏళ్ళు సాగీ తేల్చలేనిదాన్ని ఒక గీతా ఒక అంకే తేల్చాయి.

నిబంధన సరిగ్గా లేకపోతే పక్షపాతమన్న అనుమానం ఎలా పుడుతుందో చూడాలంటే 2023 అక్టోబరు 7న హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల ఫైనల్‌ని మించిన ఉదాహరణ లేదు. భారత్, ఇరాన్ స్కోరు 28-28. ఆట ముగియడానికి నిమిషం పైచిలుకే ఉంది. భారత కెప్టెన్ పవన్ సెహ్రావత్ డూ ఆర్ డై రైడుకి వెళ్ళి, ఎవరినీ తాకకుండానే, మ్యాట్ రెండు అంచుల్లో పట్టీలా ఉండే లాబీలోకి అడుగుపెట్టాడు. అతన్ని తరుముతూ ఇరాన్ డిఫెండర్లూ లాబీలోకి వచ్చారు. పాత నియమం ప్రకారం తాకిడి లేకుండా లాబీలోకి వచ్చిన డిఫెండర్లందరూ ఔటే. ప్రో కబడ్డీలో వాడుకైన కొత్త నియమం ప్రకారం రైడరు ఒక్కడే ఔట్. ఏది వర్తిస్తుందో మ్యాట్ మీదున్న అధికారులే తేల్చుకోలేకపోయారు. నిర్ణయం ఒకసారి ఇటు, ఒకసారి అటు మారింది. రెండు జట్లూ మ్యాట్ మీదే బైఠాయించాయి, సుమారు గంటసేపు ఆట ఆగింది. చివరికి పాత నియమమే నిలిచి భారత్ 33-29తో గెలిచింది. ఇక్కడ చాలామంది న్యాయం జరిగిందన్నారు, ఇరాన్ వైపు కబడ్డీ పెద్దన్న దబాయించి గెలిచాడన్నారు. ఒకే ఆటకి రెండు నియమాల పుస్తకాలుంటే, వచ్చిన నిర్ణయం ఏదైనా ఎవరికో ఒకరికి పక్షపాతంగానే కనిపిస్తుంది. ఆ తర్వాత రెండు మూడు రోజుల్లోనే జరిగిన వేలంలో పవన్‌ని 2 కోట్ల 60 లక్షల 50 వేలకి, అప్పటికి లీగ్ చరిత్రలోనే పెద్ద ధరకి, కొన్నది తెలుగు టైటాన్సే.

రిఫరీలు తెలుగు జట్టుకి అన్యాయం చేస్తారన్న ఆరోపణకి వస్తే, దాన్ని పరీక్షించే అవకాశం అనుకోకుండా ఒకసారి దొరికింది. కోవిడ్ వల్ల ఎనిమిదో సీజన్, 2021 డిసెంబరు నుంచి 2022 ఫిబ్రవరి దాకా, ప్రేక్షకులు లేకుండా మొత్తం బెంగళూరులో ఒకేచోట జరిగింది. సొంతగడ్డ లేదు, జనం హోరు లేదు, రిఫరీని బెదరగొట్టే గుంపు లేదు. టైటాన్స్ ఆడిన 22 మ్యాచ్‌ల్లో గెలిచింది ఒకటి. పట్టికలో ఆఖరు. తర్వాతి రెండు సీజన్లలో జనం తిరిగొచ్చారు, పదో సీజన్లో పవన్ కూడా వచ్చాడు, అయినా రెండేసి గెలుపులే, ఆఖరి స్థానమే. ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని ఇతర జట్ల అభిమానులు వెక్కిరించింది అప్పుడే. ఆ వెక్కిరింతలో మొరటుదనం ఉన్నా, పదకొండో సీజన్లో జట్టు ఏడో స్థానానికి ఎగబాకి ప్లేఆఫ్స్‌ని కొద్దిలో చేజార్చుకున్నప్పుడూ, పన్నెండులో రెండో క్వాలిఫయర్ దాకా వెళ్ళినప్పుడూ రిఫరీల తీరు మారిందని ఎవరూ అనలేదు. కోచ్ కృష్ణకుమార్ హుడా, విజయ్ మాలిక్, భరత్ హుడా లాంటివాళ్ళ ఆట వల్లే అది జరిగిందన్నారు. రిఫరీలు మనుషులే కదా, తడబడరా అంటే తడబడతారు. ఖాళీ స్టేడియాల్లో జరిగిన ఫుట్‌బాల్ మ్యాచ్‌ల మీద వచ్చిన అధ్యయనాలు, జనం లేనప్పుడు అతిథి జట్లకి పడే కార్డులు తగ్గాయని చూపించాయి. అంటే జనం హోరుకి రిఫరీ చెయ్యి వణకడం నిజం. కానీ అది సొంతగడ్డ లాభం, ఒక ప్రాంతం మీద పగ కాదు. విశాఖలో ఆడినప్పుడు అదే వణుకు టైటాన్స్‌కి లాభించి ఉంటుంది. ఆ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు!

మరి పక్షపాతం ఎక్కడుంది? జట్టు పేరూ జట్టు మనుషులూ పక్కపక్కన పెట్టి చూస్తే కనిపిస్తుంది. 2014 జూన్ 2న రాష్ట్రం రెండైంది, రెండు నెలలైనా గడవకముందే తెలుగు అన్న ఒకే పేరుతో ఒక జట్టు బరిలోకి దిగింది. రాజకీయం విడదీసినదాన్ని ఆట కలిపిందని మురిసిపోవడానికి బాగానే ఉంది. ఆ జట్టు సొంత మ్యాచ్‌లు విశాఖలో మొదలై, హైదరాబాద్ గచ్చిబౌలికీ విశాఖకీ మధ్య మారుతూ, 2025లో మళ్ళీ విశాఖకి వచ్చాయి. కానీ ఇన్నేళ్ళలో టైటాన్స్ ముఖాలుగా నిలిచినవాళ్ళు ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ నుంచి వచ్చిన రాహుల్ చౌదరి, కోటి 45 లక్షలు పలికిన మహారాష్ట్ర ఆటగాడు సిద్ధార్థ్ దేశాయ్, ఢిల్లీ కుర్రాడు పవన్, ఆ తర్వాత హర్యానావాళ్ళు. మధ్యమధ్య జట్టులో చేరిన తెలుగు కుర్రాళ్ళలో చాలామంది ఆటలో అరటిపండులానే ఉండిపోయారు. వేలంలో ఎవరు ఎక్కువ పలికితే వాళ్ళని కొంటారు, ఇందులో పక్షపాతమేమిటి అనొచ్చు. వేలం పాట వరకు ఆ మాట నిజమే. వేలానికి ముందున్న పదేళ్ళ సంగతే వేరు. హర్యానాలో పతకం తెచ్చినవాడికి ప్రభుత్వోద్యోగమూ నగదు బహుమతీ ఇచ్చే విధానం ఏళ్ళ తరబడి సాగింది, పల్లెపల్లెనా ఆడించేవాళ్ళున్నారు. జాతీయ పోటీల్లో రాష్ట్రాల జట్లతోపాటు రైల్వేలు, సర్వీసెస్ జట్లు కూడా ఆడతాయి, గెలిచేవి కూడా తరచు అవే. కబడ్డీ వల్ల ఉద్యోగం వస్తుందన్న నమ్మకం ఉన్నచోట కుర్రాడు పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా ఆడతాడు, లేనిచోట మానేస్తాడు. చక్కెర మిల్లు లాంటి స్థానిక కొలువులే ఎండిపోయిన ఊళ్ళో ఆ నమ్మకం ఎవరివ్వాలి?

ఎంపికల్లో ప్రాంతం లెక్కని కూడా అభిమానులు అనుకున్నంత సూటిగా చెప్పలేం. క్రికెట్టులో 2019 ప్రపంచ కప్ జట్టులో అంబటి రాయుడికి చోటు దక్కనప్పుడు, తెలుగువాడు కాబట్టే తొక్కేశారన్న మాట తెలుగునాట గట్టిగానే వినిపించింది. అతని బదులు తీసుకున్న విజయ్ శంకర్‌ది మూడు కోణాల ఆట అని ఎంపిక సంఘం అంటే, త్రీడీ అద్దాలు తెప్పించుకున్నానని రాయుడు వేసిన చెణుకు ఇప్పటికీ జనం మరచిపోలేదు. కానీ ఆ సంఘం అధ్యక్షుడు ఎమ్మెస్కే ప్రసాద్‌ది గుంటూరు జిల్లా. రాయుడూ గుంటూరులో పుట్టినవాడే. ఆ నిర్ణయం తప్పని వాదించొచ్చు, చాలామంది వాదించారు కూడా. ప్రాంతద్వేషమని మాత్రం వాదించడం కష్టం. చేతికందే వివరణ కాబట్టి ప్రాంతాన్ని ఎత్తుకుంటాం. దానివల్ల జరిగే నష్టం ఏమిటంటే, నాలుగో స్థానానికి ఆల్‌రౌండర్ని తీసుకోవడం సరైన ఆలోచనేనా అన్న అసలు ప్రశ్న అడగవలసిన ఘాటుతో అడగకుండా పోతుంది.

ఎంపికలో అన్యాయానికి కబడ్డీలోనే ఇంతకంటే గట్టి సాక్ష్యముంది, దానికీ ప్రాంతానికీ సంబంధం తక్కువ. 1990 నుంచి 2014 దాకా ఏడు ఆసియా క్రీడల్లోనూ పురుషుల స్వర్ణం భారత్‌దే. 2018లో జకార్తాలో పురుషులు సెమీఫైనల్లోనూ, మహిళలు ఫైనల్లోనూ ఇరాన్ చేతిలో ఓడారు. అదే ఏడాది, మాజీ క్రీడాకారులు వేసిన కేసులో ఢిల్లీ హైకోర్టు జాతీయ కబడ్డీ ఫెడరేషన్ ఎన్నికను కొట్టేసింది. ఒకే కుటుంబం చేతిలో సమాఖ్య దశాబ్దాలుగా నలిగిపోవడాన్ని తప్పుబట్టి, పాలకుణ్ణి నియమించింది. ఎంపికే సరిగా జరగలేదన్న ఆరోపణ మీద, ఆసియా క్రీడలకి వెళ్ళిన జట్టుకీ, వెళ్ళలేకపోయినవాళ్ళ జట్టుకీ పోటీ పెట్టమని కూడా కోర్టు ఆదేశించింది. ఆ సెప్టెంబరు 15న ఢిల్లీలో వెళ్ళలేకపోయినవాళ్ళ జట్టు బరిలోకి వచ్చి నిలబడింది, ఆసియా క్రీడలకి వెళ్ళిన జట్టు రాలేదు. దేశ క్రీడాచరిత్రలో ఇలాంటి ఆదేశం అరుదు. ఇందులో ఉత్తరాది, దక్షిణాది లేవు. గుప్పెడు మంది చేతిలో తాళంచెవి ఉంటే నష్టపోయినవాళ్ళలో హర్యానా కుర్రాళ్ళూ ఉంటారు.

ఇదంతా విన్నాక, అయితే ప్రాంతాభిమానమే వద్దంటారా అని అడిగేవాళ్ళుంటారు. గేలిక్ అనుభవం అలా చెప్పదు. అక్కడ అభిమానం ఊరి క్లబ్బు నుంచి మొదలై కౌంటీ దాకా పోతుంది కాబట్టి దానికి కాళ్ళున్నాయి. తమ ఊరి కుర్రాడు ఎందుకు ఎంపిక కాలేదో అడిగే హక్కూ ఉంది, అడగడానికి స్థానిక సంఘమూ ఉంది. మన దగ్గర లీగ్ అభిమానం టీవీ నుంచి కిందికి దిగుతుంది, ఊళ్ళో ఆట కింద నుంచి పైకి పోదు, రెండూ ఎక్కడా కలుసుకోవు. 2023 డిసెంబరు 26న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలెట్టిన ‘ఆడుదాం ఆంధ్రా’ పోటీలు కబడ్డీతో సహా అయిదు ఆటల్ని గ్రామ, వార్డు సచివాలయం స్థాయి నుంచి పైకి నడిపి, 2024 ఫిబ్రవరిలో విశాఖలో ముగిశాయి. ఉద్దేశం సరైనదే, పొరపాటల్లా దాన్ని ఒక ఉత్సవంగా చెయ్యడంలో ఉంది. ఏటా అదే నెలలో అవే మెట్ల మీద పోటీలు జరిగి, చివరి మెట్టు మీద ఒక హాస్టలూ, ఒక శిక్షకుడూ, ఒక ఉద్యోగ కోటా ఉంటే తప్ప మండల స్థాయిలో గెలిచిన రైడరు మరుసటి ఏడాదికి మ్యాట్ మీద కనిపించడు. అభిమానులు రిఫరీ మీద చూపించే కోపంలో పదో వంతు రాష్ట్ర సంఘాల ఎంపిక పోటీల మీద చూపిస్తే అడగవలసినవి చాలా ఉన్నాయి: పోటీ తేదీలు ముందుగా ప్రకటించారా, ఎంపిక చేసినవాళ్ళెవరు, మార్కుల పట్టిక ఎక్కడ పెట్టారు.

అడిగితే ఫలితం ఉంటుందా అన్న సందేహానికి, ఆలస్యంగానే అయినా, ఇటీవలి చరిత్రలో ఒక జవాబుంది. జాతీయ సమాఖ్య గొడవ తెగక అంతర్జాతీయ సమాఖ్య భారత్‌ని సస్పెండ్ చెయ్యడంతో, ఇరాన్‌లో జరగబోయే మహిళల ఆసియా చాంపియన్‌షిప్‌కి మన అమ్మాయిలు వెళ్ళగలరా అన్న ప్రశ్న వచ్చింది. ఇద్దరు క్రీడాకారిణులు వేసిన కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమాఖ్యను ఎన్నికైన కార్యవర్గానికి అప్పగించమని ఆదేశించాకే దారి తెరుచుకుంది. మార్చి 8న టెహ్రాన్‌లో, ఇరాన్ ప్రేక్షకుల మధ్యే, ఆ జట్టు ఇరాన్‌ని 32-25తో ఓడించింది.